పక్కన నిలిచి పని నేర్పుదాము

పెద్దల అధ్యయన పాఠము



కొన్ని సంవత్సరములుగా మన సంఘములలోని ఇండ్లకు వెళ్ళినప్పుడు మేము ఒకే ప్రశ్నను పదే పదే వింటున్నాము. టీ ఇచ్చి, కుశల ప్రశ్నలన్నీ అయిన తరువాత తల్లి మెల్లగా అడుగుతుంది: "అక్కా, మేము పోయాక వీడి గతేంటి?" ఆమె చూపించే "వీడు" చిన్నపిల్లవాడు కాడు. ఇరవై ఆరో, ముప్పై రెండో ఏళ్ళ మనిషి. బడిలో వెనుకబడ్డాడు, లేదా బాగా చదివి కూడ ఏ పనిలోనూ నిలువలేకపోయాడు. రోజంతా ఇంట్లోనే ఉంటాడు. బంధువులు వస్తే లోపలి గదిలోకి వెళ్ళిపోతాడు.

ఆ ప్రశ్నకు ఓదార్పు మాటలు చెప్పి లేచి రావడం సులభము. మేమును చాలాకాలము అదే చేశాము. ఆ తల్లికి కావలసినది మాత్రము ఓదార్పు కాదు, ఒక దారి. ఆ దారిలో మన చేతిలో ఉన్న భాగమేమిటో ఈ పాఠములో చూద్దాము.

1. మనము ఎవరిని గూర్చి మాట్లాడుకుంటున్నాము?

కొందరికి పుట్టుకతోనే మెదడు పనిచేసే తీరు వేరుగా ఉంటుంది. ఆటిజం ఉన్నవారు, ఏ.డి.హెచ్.డి. అనే నిలకడ సమస్య ఉన్నవారు, డిస్లెక్సియా వలన అక్షరములు కూడబలుక్కోలేనివారు ఈ కోవలోనివారు. వీరందరిని కలిపి ఈనాడు "న్యూరోడైవర్జెంట్" అంటున్నారు. మనుషుల మెదళ్ళు రకరకాలుగా ఉండడము సహజమే అనే ఈ ఆలోచన 1990ల చివరలో ప్రచారములోనికి వచ్చింది.

వీరందరు ఒకే విధముగా ఉండరు. ఒకరు అసలు మాట్లాడరు, మరొకరు ఆపకుండా మాట్లాడతారు. ఒకరికి లెక్కలు కొట్టినపిండి, మరొకరికి చిల్లర లెక్కపెట్టడమే కష్టము. కాబట్టి ఒకరిని చూసి మరొకరిని అంచనా వేయరాదు.

ఇది పెంపకపు లోపము కాదు. తల్లి ప్రేమ చూపకపోవడము వలన ఆటిజం వస్తుందని 1950లలో, 60లలో అమెరికాలో కొందరు వైద్యులు వాదించారు. ఎందరో తల్లులను ఏడిపించిన ఆ వాదము తరువాత తప్పని తేలిపోయింది. మన మధ్య కూడ "వాళ్ళు ఏ పాపము చేశారో" అనే మాట అప్పుడప్పుడు వినబడుతుంది. ఆ మాట మన నోట రాకూడదు.

2. ఫారెస్ట్ పట్టణపు బ్యాంకు గుమాస్తా

ఇక్కడ ఒక నిజ జీవితమును చూద్దాము. డోనాల్డ్ ట్రిప్లెట్ అనే బాలుడు 1933లో అమెరికాలోని మిసిసిపి రాష్ట్రములో, ఫారెస్ట్ అనే చిన్న పట్టణములో పుట్టాడు. పిలిస్తే పలికేవాడు కాడు. వస్తువులను గిరగిర తిప్పుతూ గంటలు గడిపేవాడు. సంఖ్యలంటే మాత్రము ప్రాణము. వైద్యుల సలహా మీద 1937లో అతనిని ఇంటికి దూరముగా ఒక సంస్థలో ఉంచారు. సుమారు ఒక సంవత్సరము తరువాత తల్లిదండ్రులు, అక్కడివారు వద్దన్నా వినక, ఇంటికి తెచ్చుకున్నారు. లియో కానర్ అనే వైద్యుడు 1943లో ఆటిజంను గూర్చి వ్రాసిన మొదటి వ్యాసములో పదకొండుగురు పిల్లలను వర్ణించాడు. అందులో మొదటి పిల్లవాడు ఈ డోనాల్డే.

తరువాత జరిగినదే మనకు పాఠము. డోనాల్డ్‌ను కొంతకాలము పట్టణమునకు కొన్ని మైళ్ళ దూరములోనున్న ఒక రైతు దంపతుల ఇంట ఉంచారు. వారు చదువుకున్న నిపుణులు కారు. అతడు దేనినైనా కొలవాలని తపించేవాడు. వారు అతనిచేత బావి త్రవ్వించి, లోతు ఎంతయినదో కొలిచి చెప్పమన్నారు. మొక్కజొన్న సాళ్ళను ఊరికే మరల మరల లెక్కపెట్టేవాడు. వారు అతని చేతికి నాగలి ఇచ్చి, దున్నుతూ లెక్కపెట్టమన్నారు. చూడవచ్చిన కానర్ వైద్యుడు అతడు గుర్రమును, నాగలిని నడిపిన తీరుకు ఆశ్చర్యపడ్డాడు.

ఆ రైతు దంపతులు అతని అలవాటును మాన్పించుటకు పోరాడలేదు. దానికి ఒక పని చూపించారు.

డోనాల్డ్ 1958లో కళాశాల పట్టా పుచ్చుకున్నాడు. తన ఊరి బ్యాంకులో దశాబ్దములు గుమాస్తాగా పనిచేశాడు. ఇరవైలు దాటబోయే వయస్సులో కారు నడుపుట నేర్చుకున్నాడు. తల్లిదండ్రులు పోయిన తరువాత అదే ఇంటిలో ఒంటరిగా జీవించాడు. గోల్ఫ్ ఆడాడు, దేశదేశాలు తిరిగాడు. 2023 జూన్‌లో 89వ ఏట మరణించాడు.

ఆ బ్యాంకులో అతని తల్లివైపు కుటుంబమునకు వాటా ఉండేది, నిజమే. అందరికి ఆ భాగ్యము ఉండదు. అయితే తల్లిదండ్రులు పోయిన తరువాత అతనిని నిలబెట్టినది బ్యాంకు వాటా ఒక్కటే కాదు. అతని తీరు ఎరిగిన ఊరు చుట్టూ ఉన్నది. 2010కి ముందు ఇద్దరు విలేకరులు అతనిని గూర్చి వ్రాయుటకు వచ్చినప్పుడు, అతనికి బాధ కలిగించవద్దని ఊరివారే వారిని హెచ్చరించారు. "మేము పోయాక వీడి గతేంటి" అనే ప్రశ్నకు ఫారెస్ట్ పట్టణము ఇచ్చిన జవాబు ఇది.

3. ముందు పని, ఆ తరువాత శిక్షణ

ఇటువంటివారిని ముందు సంవత్సరముల తరబడి శిక్షణ కేంద్రములో ఉంచి, "తయారయ్యాక" పనిలో పెట్టాలని పూర్వము అనుకునేవారు. చాలామంది ఆ తయారీలోనే ముసలివారయ్యారు. ఒక చోట నేర్చుకున్నది మరొక చోట వాడుకొనుట వీరిలో చాలామందికి కష్టము. కేంద్రములో మడిచిన గుడ్డ వేరు, గోదాములో మడిచే గుడ్డ వేరు.

అందుచేత 1980లలో అమెరికాలో పాల్ వేమన్ మొదలైనవారు ఈ వరుసను తిరగవేశారు. ముందు నిజమైన పనిలో, నిజమైన జీతానికి పెట్టండి. పక్కన ఒక మనిషి నిలిచి అక్కడే నేర్పించాలి. నేర్చుకున్న కొలది ఆ మనిషి వెనుకకు తగ్గాలి. 1986లో అక్కడి చట్టములో కూడ దీనికి చోటు దొరికింది. పక్కన నిలిచే ఆ మనిషిని "జాబ్ కోచ్" అంటారు. మనము "తోడు" అందాము.

మన దేశములోను ఇటువంటి పని జరుగుతున్నది. 2017లో కర్ణాటకలోని హుబ్బళ్ళిలో మొదలైన మిట్టి కేఫ్‌లో దివ్యాంగులే టీ కాచి, వడ్డించి, లెక్క చూస్తారు. ఇప్పుడు అటువంటి కేఫ్‌లు చాలాచోట్ల నడుస్తున్నాయి.

4. మేము చేసిన పొరపాటు

మేము నలుగురము కలిసి మా సంఘములోని ఒక తమ్మునికి తోడుగా నిలువవలెనని తీర్మానించుకున్నాము. మాది షోలాపూర్. చద్దర్లు, టవళ్ళ మగ్గముల ఊరు. తమ్మునికి ఇరవై ఎనిమిదేళ్ళు, ఆటిజం ఉన్నది. మేము తొందరపడి తెలిసినవారి కిరాణా దుకాణములో కూర్చోబెట్టాము. మనవాళ్ళే కదా, దయగా చూస్తారనుకున్నాము. మూడవ రోజున అతడు చెవులు మూసుకొని ఇంటికి వచ్చేశాడు. "వీడికి పని చేయాలని లేదు" అన్నారు కొందరు. మాలో ఒకరు కూడ అన్నారు.

తరువాత ఒక పూట అక్కడ కూర్చుని చూస్తే సంగతి అర్థమైంది. ఒకేసారి నలుగురు గిరాకులు నాలుగు వస్తువులు అడుగుతారు. పక్కన గిర్నీ మోత. యజమాని "రెండు నిమిషాలాగు" అంటే, తమ్ముడు గడియారము చూసి సరిగ్గా రెండు నిమిషములకు వచ్చి ఎదుట నిలబడేవాడు. "తలమీదకెక్కకు" అని యజమాని కసిరితే, తాను ఎక్కడ ఎక్కాడో తెలియక బెదిరిపోయేవాడు. దయకు కొరత లేదు. పనియే అతనికి సరిపడలేదు.

అప్పుడు మొదట చేయవలసిన పని చేశాము. వారము రోజులు అతనిని ఊరకనే గమనించాము. ఇంట్లో ఉతికిన బట్టలను అంచుకు అంచు కలిపి మడిచి, రంగుల వారీగా పేర్చేవాడు. ఒక్క అంచు జరిగినా విప్పి మరల మడిచేవాడు. తల్లికి అది విసుగు. మాకు అదే దారిగా కనిపించింది. టవళ్ళు మడిచి డజను చొప్పున కట్టే ఒక కార్ఖానాలో ముకద్దంతో మాట్లాడి, నెల రోజులు చూడమని అడిగాము.

5. పని నేర్పే విధానము

మేము చేసి చూసి, పనికి వచ్చిన సంగతులు ఇవి.

మొదటిది, పనిని చిన్న మెట్లుగా విడగొట్టాలి. "టవళ్ళు కట్టు" అనేది ఒక పని కాదు. టవలు తీయాలి, పరవాలి, నిలువుగా మడవాలి, అడ్డముగా రెండుసార్లు మడవాలి, గుర్తు పైకి ఉండేలా పేర్చాలి, పన్నెండు లెక్కపెట్టాలి, తాడు కట్టాలి, కుడివైపు పెట్టాలి. ఎనిమిది మెట్లు. ఎక్కడ ఆగిపోతున్నాడో చూసి ఆ ఒక్క మెట్టునే నేర్పాలి. మా తమ్ముడు తాడు ముడి దగ్గర మాత్రమే ఆగేవాడు. మిగిలిన ఏడును రెండు రోజులలో వచ్చేశాయి.

రెండవది, మాటకంటె బొమ్మ మేలు. నోటితో చెప్పిన మాట గాలిలో పోతుంది, గోడమీది బొమ్మ నిలిచి ఉంటుంది. ఎనిమిది మెట్లకు ఎనిమిది ఫోటోలు తీసి, అట్టమీద వరుసగా అంటించి అతని బల్ల ఎదుట పెట్టాము. ఎడమవైపు చేయవలసినవి, కుడివైపు అయిపోయినవి. పని ఎప్పుడు అయిపోతుందో కంటికి కనబడితే మనస్సు కుదుటపడుతుంది. ఉత్తర కెరొలైనాలో 1970ల నుండి ఎరిక్ షోప్లర్ బృందము నడిపిన బోధనలో ఇదే ముఖ్యము.

మూడవది, మాట సూటిగా ఉండాలి. "కాస్త చూసి కట్టు" అనకండి. "పన్నెండు లెక్కపెట్టి కట్టు" అనండి. "తర్వాత రా" అనకండి. "నాలుగు గంటలకు రా" అనండి. వ్యంగ్యము, ఎత్తిపొడుపు అసలు వద్దు.

నాలుగవది, చెవికి, కంటికి, ఒంటికి ఇబ్బంది చేసేవి తగ్గించాలి. మనకు వినబడని ట్యూబులైటు రొద కొందరికి సమ్మెట దెబ్బ వంటిది. మగ్గముల హాలుకు దూరముగా, గోడ పక్కన చోటు అడిగాము. చెవులకు దూది పెట్టుకొనుటకు ముకద్దం ఒప్పుకున్నాడు. దీనికి ఖర్చు ఏమీ కాలేదు.

ఐదవది, మార్పు వచ్చేటప్పుడు ముందుగా చెప్పాలి. సెలవు, షిఫ్టు మార్పు, కొత్త ముకద్దం, ఇవి ముందురోజే తెలియాలి. ఒకసారి చెప్పకుండా బల్లను మార్చారు. ఆ రోజు తమ్ముడు గేటు దగ్గరే నిలిచిపోయాడు. అది మొండితనము కాదు, భయము.

ఆరవది, తోడు తగ్గుతూ రావాలి. మొదటి వారము మాలో ఒకరు రోజంతా పక్కనే నిలిచారు. రెండవ వారము ఒక పూట. నెల తరువాత వారానికి ఒకసారి. ఆ లోపల పక్క బల్లమీది పనివాడు ఒకడు అతనికి అలవాటయ్యాడు. తోడు వెళ్ళిపోయినా తోడు మిగిలింది.

6. మనకున్న మరొక చిక్కు: భాష

సొంత రాష్ట్రములో ఉన్నవారికి లేని ఒక ఇబ్బంది మనకున్నది. ఇంట్లో తెలుగు, బయట మరొక భాష. షోలాపూర్‌లో మరాఠీ, బళ్ళారిలో, బెంగుళూరులో కన్నడము, చెన్నైలో తమిళము, బరంపురములో ఒడియా. మామూలు పిల్లలు వీధిలో ఆడుతూ ఆ భాష పట్టుకుంటారు. వీధిలో ఆడని పిల్లవానికి ఆ అవకాశము ఉండదు. కాబట్టి పనిచోట జవాబు చెప్పకపోతే తెలివి లేదని అనుకుంటారు. అసలు కారణము భాష కావచ్చును.

దీనికి మేము చేసినది ఇంతే. కార్ఖానాలో రోజూ వినబడే మరాఠీ మాటలను పది ఎన్నుకున్నాము. "థాంబ్" అంటే ఆగు. "మోజ్" అంటే లెక్కపెట్టు. "బాంధ్" అంటే కట్టు. "ఆణ్" అంటే తీసుకొని రా. ఒక్కొక్క మాటకు ఒక బొమ్మ గీసి, ఇంట్లో తల్లి రోజూ పది నిమిషములు ఆటలాగ ఆడించింది. అలాగే ముకద్దంకు కూడ ఒక మాట నేర్పాము. తమ్ముడు "వద్దు" అంటే అది ధిక్కారము కాదు, శబ్దము ఎక్కువైందని అర్థము. భాష రెండు వైపులా నేర్పాలి.

7. జీతము తరువాతి సంగతులు

పని ఒక్కటే జీవితము కాదు. పనిలో నిలబడవలెనంటే పనిబయటి అలవాట్లు కుదరాలి. స్నానము, శుభ్రమైన బట్ట, టిఫిను డబ్బా తానే సర్దుకొనుట, బస్సు నంబరు గుర్తించుట, బస్సు రాకపోతే ఎవరికి ఫోను చేయాలో తెలిసి ఉండుట. వీటిని కూడ మెట్లుగానే నేర్పాలి. బస్సులో మొదట కలిసి వెళ్ళాలి. తరువాత అదే బస్సులో వెనుక సీటులో కూర్చోవాలి. ఆ తరువాత దిగే చోట ఎదురుచూడాలి.

డబ్బు విషయములో జాగ్రత్త అవసరము. జీతము అతని పేరునున్న ఖాతాలోనే పడాలి. కొంత అతడు తన ఇష్టము వచ్చినట్లు ఖర్చు చేసుకోవాలి. మా తమ్ముడు మొదటి జీతముతో ఒకే రంగు చొక్కాలు మూడు కొన్నాడు. తల్లి కోప్పడబోతే తండ్రి ఆపాడు. పిన్ నంబరు, ఫోనుకు వచ్చే ఓ.టి.పి. ఎవరికీ చెప్పకూడదని బొమ్మతో సహా నేర్పాలి. వీరు మాటను మాటగా నమ్ముతారు గనుక మోసగాళ్ళకు సులభముగా చిక్కుతారు. ఒళ్ళు ఎవరు తాకవచ్చును, ఎవరు తాకకూడదు, "వద్దు" అని ఎలా చెప్పాలి అనే సంగతి మగవారికి, ఆడవారికి ఇద్దరికి సిగ్గుపడకుండా నేర్పవలెను.

అమ్మాయిల విషయములో మనము ఎక్కువ తప్పు చేస్తున్నాము. ఇంటి పని చేస్తున్నదిలే అని వదిలేస్తాము. ఆమెకును జీతము, ఖాతా, బయటి గాలి అవసరమే.

8. చట్టము ఏమి ఇచ్చినది?

1995 నాటి చట్టములో ఆటిజం పేరు లేదు. అందుకే ఈనాడు ముప్పై, నలభై ఏళ్ళున్నవారిలో చాలామందికి చిన్నప్పుడు ఏ కాగితమును అందలేదు. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టము ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యము, బహుళ వైకల్యములు ఉన్నవారి కొరకు ఏర్పడింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చింది. అందులోని 21 వైకల్యములలో ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యము కూడ ఉన్నాయి. ఏ.డి.హెచ్.డి. విడిగా లేదు.

ఈ చట్టము ప్రకారము ప్రభుత్వ ఉద్యోగములలో 4 శాతము దివ్యాంగులకు కేటాయించాలి. అందులో 1 శాతము ఆటిజం, మేధో వైకల్యము, అభ్యసన వైకల్యము, మానసిక రుగ్మత, బహుళ వైకల్యములు ఉన్నవారికి చెందుతుంది. దీనికి 40 శాతము లేక అంతకు మించిన వైకల్యమని ధృవపత్రము ఉండాలి. పనిచోట తగిన చిన్న మార్పులు చేసి ఇచ్చుటను కూడ ఈ చట్టము గుర్తించింది. చెవులలో దూది, గోడ పక్కన బల్ల అడుగుట బిచ్చము కాదని దీనివలన తెలుస్తున్నది.

దివ్యాంగుల గుర్తింపు కార్డుకు స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. ఆ కార్డు దేశమంతట చెల్లుతుంది. ఒక రాష్ట్రము నుండి మరొక రాష్ట్రమునకు మారే మనవంటి వారికి ఇది ముఖ్యము. పింఛను వంటివి మాత్రము రాష్ట్రమును బట్టి మారుతాయి. నేషనల్ ట్రస్ట్‌వారి నిరామయ పథకములో లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉన్నది. పద్దెనిమిదేళ్ళు దాటినవారికి సంరక్షకుని నియమించవలసి వస్తే కలెక్టరు స్థాయి అధికారి ఉండే స్థానిక కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చును. అయితే తన నిర్ణయములు తాను తీసుకోగలవానికి సంరక్షకుని తొందరపడి నియమించవద్దు.

సలహాకు సికింద్రాబాదులో 1984లో స్థాపించిన జాతీయ సంస్థ ఉన్నది. మేధో దివ్యాంగుల కొరకైన ఈ సంస్థలో తెలుగులో మాట్లాడవచ్చును. చెన్నై దగ్గర ముట్టుకాడులోని జాతీయ సంస్థ, బెంగుళూరులోని నిమ్హాన్స్ కూడ మనకు అందుబాటులో ఉన్నాయి.

9. తోడుగా నిలిచేవారికి

ఈ పనికి పెద్ద చదువు అక్కరలేదు. ఓర్పు, మాట నిలకడ కావాలి. మంగళవారము వస్తానంటే మంగళవారమే రావాలి. అతని ఎదుటే అతనిని గూర్చి తల్లితో మాట్లాడకండి. అతనినే అడగండి, జవాబు కొరకు కాసేపు ఆగండి. ముప్పై ఏళ్ళవానిని "బాబూ, బంగారూ" అనకండి. బలవంతముగా కళ్ళలోకి చూడమనకండి. చూడకపోయినా వింటూనే ఉంటారు.

మన ఆదివారపు కూడిక కూడ మంచి పనిచోటు. కుర్చీలు వరుసలో వేయుట, పాటల పుస్తకములు లెక్కపెట్టి పంచుట, కానుకలు లెక్కించేవారికి సహాయము చేయుట, ఇవి నిజమైన బాధ్యతలు. దయతో ఇచ్చిన ఉత్తుత్తి పని ఇవ్వకండి. అతడు రాకపోతే ఆ పని ఆగిపోవాలి, అటువంటి పని ఇవ్వండి.

మా తమ్ముడు ఆ కార్ఖానాలో చేరి ఇప్పటికి రెండేళ్ళు దాటింది. ఇప్పటికీ కొన్ని రోజులు చెడ్డగానే గడుస్తాయి. ఒకసారి మానేసి, వారము తరువాత మరల వెళ్ళాడు. ఇతరులకంటె మెల్లగా కడతాడు. అయితే అతని కట్టలో పదకొండు గాని, పదమూడు గాని ఎన్నడు రాలేదని ముకద్దం చెప్పాడు. మొన్న తల్లిని కలిసినప్పుడు ఆమె పాత ప్రశ్న అడుగలేదు. "అక్కా, వాడు రేపు సెకండ్ షిఫ్టు. టిఫిను ఎప్పుడు కట్టుకుంటాడో వాడినే అడగాలి" అన్నది.

చర్చకు ప్రశ్నలు

1. మన సంఘములో ఇంటికే పరిమితమైన పెద్దవారు ఎవరున్నారు? వారి పేర్లు మనకు తెలుసునా?

2. మనము విసుగుగా చూసే ఏ అలవాటు ఒక పనికి దారి కాగలదు?

3. మన సభ్యులలో దుకాణము, కార్ఖానా, కార్యాలయము నడిపేవారు ఒక్క నెల అవకాశము ఇవ్వగలరా?

4. మీ ఊరి పనిచోట ఎక్కువగా వినబడే పది మాటలు ఏవి? వాటికి బొమ్మలు ఎవరు గీస్తారు?

5. ఒక్కొక్కరికి తోడుగా నిలిచే ముగ్గురు, నలుగురిని వచ్చే కూడికలోగా ఎన్నుకొనండి.